అద్దం నిండా ఇసుక

డ్రైవింగ్ పరీక్ష పొద్దున్నే అయిపోయి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆలిస్ స్ప్రింగ్స్ పట్నం నుంచి మట్టిరోడ్డు మీద వస్తున్న పరీక్షాధికారి గ్రాహమ్‌కి దారిలో టైరు పంక్చరైంది. ఆయన రెడ్ బోర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సెడ్రిక్ కొంప అక్కడే మునిగింది.

రెడ్ బోర్‌లో ఉన్నది ఒక్క షాపు. ఇక్కడ జూలై అంటే చలికాలం. ఆ చలికి షాపు దగ్గర పేకాడుకునే ఆడవాళ్ళు ఎండతో పాటు జరుగుతూ ఉంటారు. పొద్దున తూర్పు గోడవార దుప్పటి పరుస్తారు. భోజనాలయ్యాక అదే దుప్పటిని నాలుగు మూలలా పట్టుకుని, ముక్కలు చెదరకుండా, పడమటి మూలకి మోసుకుపోతారు. క్లినిక్‌కి వెళ్ళే రోడ్డు ఎడమకి తిరిగేది సరిగ్గా ఆ మూల దగ్గరే. సెడ్రిక్ ఇన్నాళ్ళూ బండి నేర్చుకున్నది పొద్దుటి పూటే. అందుకని ఆ మూల అతనికెప్పుడూ ఖాళీగానే కనిపించింది.

“షాపు దగ్గర ఎడమకి తిప్పు,” అన్నాడు గ్రాహమ్.

సెడ్రిక్‌కి ముందు కుక్క కనిపించింది. బూడిదరంగుది, ఒక చెవి చిరిగినది. ఆ కుక్క పేరు సార్జెంట్. దాని పక్కన ఎర్ర స్కర్టు అంచు, దుప్పటి మీద పేకముక్క విసురుతున్న చెయ్యి. అంతకన్నా పైకి చూడకుండా చూపు తిప్పేసుకున్నాడు. ఆవిడ రీటా తల్లి. రీటా అతని భార్య.

వాళ్ళ ఆదివాసీ తెగలో అల్లుడూ అత్తగారూ ఒకరినొకరు చూసుకోరు, మాట్లాడుకోరు, ఒక నీడన కూర్చోరు, ఒకరి పేరు ఒకరు పలకరు. అది మర్యాద. చిన్నపిల్లలకి నడక వచ్చినట్టే ఇదీ వస్తుంది, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఎదురుగా వస్తూ కనిపిస్తే ఇద్దరిలో ఒకరు దారి మార్చుకుంటారు. కాలినడకన పోయేవాడికి అదేమంత కష్టం కాదు.

సెడ్రిక్ సిగ్నల్ వేశాడు. వేగం తగ్గించాడు. గేరు మార్చాడు. రెండు వైపులా చూసి, ఒక్క కుదుపు లేకుండా, చాలా చక్కగా కుడికి తిప్పాడు.

“ఎడమకి అన్నాను,” అన్నాడు గ్రాహమ్.

“అవును.”

“ఇది కుడి.”

“అవును.”

గ్రాహమ్ అతని మొహంలోకి చూశాడు. వెక్కిరింత ఏమీ లేదు. సరే, కంగారేమో అనుకుని, బడి చుట్టూ తిప్పించి మళ్ళీ షాపు దగ్గరికి తెచ్చాడు. “ఇప్పుడు ఎడమకి,” అన్నాడు ఒక్కొక్క అక్షరం విడదీసి. సెడ్రిక్ నేరుగా చెత్తదిబ్బ రోడ్డు మీదికి పోనిచ్చాడు. ఇక గ్రాహమ్ ఎడమ ఊసు ఎత్తలేదు. వెనక్కి తిప్పించి, షాపుకి అవతల బండి ఆపించి, రివర్సులో పెట్రోలు పంపు దాకా పొమ్మన్నాడు. సెడ్రిక్ అద్దంలోకి చూడబోయాడు. అద్దం మధ్యలో ఎర్రగా ఏదో కదిలింది. చప్పున చెయ్యి ఎత్తి అద్దాన్ని పైకి తోసేశాడు.

“అందులో నీకేం కనిపిస్తోంది ఇప్పుడు?”

“బండి కప్పు.”

గ్రాహమ్ పెన్ను తీశాడు. రాయడం అయ్యాక, మనిషి చెడ్డవాడు కాడు కాబట్టి, అతని భుజం మీద తట్టాడు. “నీకు బండి మీద చెయ్యి బాగుంది. చెప్పిన మాట వినడం ఒక్కటే లేదు.”

యువకేంద్రం వరండాలో నోర్లీన్ కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. ఆదివాసీ యువకేంద్రం అని బోర్డు ఉన్న ఆ రెండు గదుల ఇంటికి మేనేజరూ, వంటమనిషీ, బండి నేర్పే మాస్టరూ ఆవిడే. సెడ్రిక్ తల్లికి చెల్లెలు. కుర్రాళ్ళకి బండి నేర్పే పని ఆవిడ మొదలుపెట్టింది జైలుకి పోయినవాళ్ళని చూసి. దొంగతనం చేసి కాదు వాళ్ళు పోయింది. నొప్పులు పడుతున్న మనిషిని లైసెన్సు లేకుండా క్లినిక్‌కి తీసుకుపోయినవాడొకడు, చుట్టాల చావుకి పోతూ పట్టుబడినవాడొకడు. సెడ్రిక్ అన్న ఇప్పటికీ లోపలే ఉన్నాడు.

సెడ్రిక్ బండి దిగిన తీరు చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. కప్పులో మిగిలిన కాఫీ నేల మీద పారబోసింది.

“ఏమైందిరా?”

“పోయింది పిన్నీ.”

“రివర్సా?”

“కాదు. షాపు మూల.”

ఆవిడ షాపు వైపు చూసింది. దుప్పటి ఎక్కడుందో చూసింది. “అయ్యో,” అంది. “ఆయనకి చెప్పకపోయావా?”

“ఏం చెప్పను? కొత్త మనిషి దగ్గర ఆవిడ మాట ఎలా ఎత్తుతాను? సిగ్గు కాదూ?”

లోపల్నుంచి డెంజిల్ వచ్చాడు. రీటా తమ్ముడు. సెడ్రిక్ కంటే ముందు పరీక్షకి వెళ్ళి, ఒకచోట సిగ్నల్ మరిచిపోయి, ఇంకోచోట గాడిదకి దాదాపు తగిలించి, పాసైపోయాడు. ఎడమకి అంటే ఎడమకి తిప్పాడు. ఆ మూల కూర్చున్న తల్లికి చెయ్యి కూడా ఊపాడు.

“ఏం బావా! మా అమ్మని చూసి కారే పక్కకి పారిపోయిందట?”

“నువ్వు నోరు ముయ్యి.”

“ఊరంతా అదే మాట. కుడివైపు బావ అని పేరు పెట్టేశారు నీకు.”

“డెంజిల్, లోపలికి పోయి గిన్నెలు కడుగు,” అంది నోర్లీన్. “లైసెన్సు వస్తే గిన్నెలు వాటంతట అవే కడుక్కుంటాయా?”

వాడు పోయాక ఆవిడ మెట్టు మీద కూర్చుంది. విషయం ఇద్దరికీ తెలుసు, చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఊళ్ళోని పెద్దవయసువాళ్ళకి రోజూ మధ్యాహ్నం భోజనం చేరవేసే బండికి సోమవారం నుంచి డ్రైవరు కావాలి. లైసెన్సున్న మనిషి ఊళ్ళో దొరక్కపోతే ఆలిస్ నుంచి ఎవరినో పంపిస్తామని పైవాళ్ళు చెప్పేశారు. డెంజిల్‌కి ఇద్దామంటే, వాడు పొద్దున పదికి ముందు లేచిన రోజు లేదు. మన ముసలివాళ్ళకి అన్నం మనవాడే తీసుకుపోవాలని నోర్లీన్ పంతం. ఏ ఇంట్లో ఎవరికి పళ్ళు లేవో, ఎవరికి మాంసం మెత్తగా ఉడికించాలో సెడ్రిక్‌కి తెలుసు.

సెడ్రిక్ మనసులో ఇంకోటి కూడా ఉంది. అల్లుడైనవాడు అత్తగారికి మాంసం పెట్టాలి. రీటాని చేసుకున్న దగ్గర్నుంచి అతను పంపింది రెండు ఉడుములు, అవీ చిన్నవి. కంగారూలు తిరిగే చోటికి బండి లేకుండా పోలేడు. లైసెన్సు లేకుండా బండి ఎక్కితే రోడ్డు మీద పోలీసు ఉంటాడు. ఆవిడ ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ కష్టంగా ఉంది.

“పద,” అని నోర్లీన్ లేచింది. “పెద్దమనిషితో నేను మాట్లాడతాను. నువ్వు బయట ఉండు.”

గ్రాహమ్ బడి పక్కన ఉన్న విడిదిగదిలో దిగాడు. కిటికీ తెరిచే ఉంది. సెడ్రిక్ నీళ్ళట్యాంకు నీడలో నిలబడి విన్నాడు.

“అక్కడ కూర్చుని ఉన్నది వాళ్ళ అత్తగారు,” అంటోంది నోర్లీన్. “అందుకే తిప్పలేదు.”

గ్రాహమ్ పకపకా నవ్వాడు. “నాదీ అదే పరిస్థితి. మా అత్తగారు ఎడమపక్క ఉంటే నేనూ కుడికే పోతాను.”

నోర్లీన్ నవ్వలేదు. లోపల కుర్చీ కిర్రుమంది.

“చూడమ్మా,” అన్నాడు గ్రాహమ్, ఈసారి మామూలుగా. “అత్తగార్లని బట్టి రోడ్లు మార్చలేను. రేపు హైవే మీద పోలీసు ఎడమకి పొమ్మంటే ఎడమకే పోవాలి. రేపు పొద్దున ఒకమ్మాయి పరీక్షకి రావాలి, ఊళ్ళో లేదట. ఆ వేళకి అతణ్ణి ఇంకోసారి చూస్తాను. కానీ దారి మాత్రం ఇదే. నాకు వీలైంది అంతవరకే.”

“అది చాలు,” అంది నోర్లీన్.

బయటికొచ్చాక మాత్రం, “జోకు అనుకున్నాడు,” అంది, ఎవరితో అంటున్నదీ తెలియకుండా.

సాయంత్రం రీటా ఇంటి ముందు మంట వేసి, నిప్పుల్లో రొట్టె పెట్టింది. షాపులో గల్లా దగ్గర రోజంతా నిలబడి వచ్చిందేమో, చెప్పులు విడిచి పాదాలు మంటకి చాపుకుంది. వాళ్ళ ఇంటికీ తల్లి ఇంటికీ మధ్య తుప్పుపట్టిన రేకుల కంచె ఒకటి ఉంది. సెడ్రిక్ ఎప్పుడూ దానికి వీపు పెట్టే కూర్చుంటాడు.

“అమ్మకి తెలిసిపోయింది,” అంది రీటా గొంతు తగ్గించి. “పేకాట మధ్యలో లేచి వచ్చేసిందట. గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని.”

“ఆవిడదేం తప్పు ఉంది?”

“ఆ మాట నాకెందుకు చెప్తావు?”

“ఇంకెవరికి చెప్పను?”

రీటా నవ్వింది. “అత్తాఅల్లుళ్ళు మొహాలు చూసుకోరు. అందుకే నా కాపురం ఇంత హాయి.”

అంతలో కంచె అవతల గొంతు లేచింది. ఊరంతా వినపడే గొంతు.

“ఒరేయ్ సార్జెంట్! ఇలా రా, కూర్చో. చెప్తున్నా విను. రేపు పొద్దున మనం తూర్పు గోడ దగ్గర కూడా కూర్చోం, అసలు ఊళ్ళోనే ఉండం. తేనె చీమలు తవ్వడానికి పోతున్నాం, ఎయిర్‌స్ట్రిప్ అవతలికి. నేనొక్కదాన్నే కాదు. ఈ ఊళ్ళో నాలాగే అత్త వరసైన ఆడవాళ్ళం ఎందరం ఉన్నామో అందరం. మోకాలు నొప్పని మూలిగే మా చెల్లెల్ని కూడా ఎత్తి బండిలో పడేస్తాను. రోడ్డు మీద ఒక్కత్తె కనబడితే అడుగు నన్ను. మధ్యాహ్నం దాకా ఈ ఊళ్ళో ఎవరు ఎటు తిప్పుకుంటారో వాళ్ళిష్టం. తెలిసిందా?”

కుక్క ఒకసారి తోక నేలకేసి కొట్టిన చప్పుడైంది.

సెడ్రిక్ మంట వైపే చూస్తూ టీ తాగాడు. చక్కెర ఎక్కువైంది. అయినా ఇంకో చెంచా వేసుకున్నాడు.

“ఆ కుక్కకి ఎన్ని కబుర్లో,” అంది రీటా, రొట్టె మీది బూడిద దులుపుతూ.

మర్నాడు పొద్దున యువకేంద్రం వెనక షెడ్డులో సెడ్రిక్ బండి అద్దాలు తుడుస్తుంటే, ముందువైపు పాత టొయోటా ట్రక్కు వచ్చి ఆగింది. అతను బయటికి రాలేదు. విన్నాడు. గడ్డపారలు, డబ్బాలు, దుప్పట్లు ట్రక్కులో పడుతున్న చప్పుళ్ళు. ఎక్కలేక ఆయాసపడుతున్న ఒకావిడ, కింద నుంచి తోస్తున్న ఇంకో ఇద్దరు, అందరి నవ్వులు.

“మెల్లిగా! నేను గోధుమపిండి బస్తాని కాదు.”

“బస్తా అయితే ఎప్పుడో ఎక్కేసేది.”

“ఈ పిల్లాడికి లైసెన్సు నిజంగా ఇచ్చారా, లేక చూపించి మళ్ళీ లాక్కున్నారా?”

“ఇదిగో పెద్దమ్మా, చూసుకో,” అని డెంజిల్ గొంతు. “ఫొటో కూడా ఉంది.”

“ఫొటోలో బాగానే ఉన్నావు. రోడ్డు మీద చూద్దాం.”

నోర్లీన్ అడ్డొచ్చింది. “డెంజిల్, విను. వాగులో ఇసక మెత్తగా ఉంది. దిగే ముందు టైర్లలో కాస్త గాలి తీసి, ఆగకుండా పోనియ్యి.”

“నాకు తెలుసు ఆంటీ.”

ట్రక్కు హారను కొట్టుకుంటూ పోయింది. సార్జెంట్ మొరుగుడు ఎయిర్‌స్ట్రిప్ రోడ్డు మీద దూరమైపోయింది. సెడ్రిక్ షెడ్డులోంచి బయటికొచ్చి షాపు వైపు చూశాడు. తూర్పు గోడ ఖాళీ. పడమటి మూల ఖాళీ. ఒక ఆటలో ఉండాల్సిన మనుషులంతా తన కోసం ముక్కలు మూసి పోయారు.

గ్రాహమ్ వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. “మాట వింటావు కదా ఇవాళ?”

“వింటాను.”

విన్నాడు. షాపు దగ్గర ఎడమకి అంటే ఎడమకి తిప్పాడు. క్లినిక్ ముందు ఆగమంటే ఆగాడు. బడి దగ్గర పిల్లలు దాటుతుంటే ఆగాడు. వాళ్ళు “కుడివైపు బావా!” అని అరిచినా చూపు రోడ్డు మీదనుంచి తియ్యలేదు. అద్దం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. గ్రాహమ్ రెండుసార్లు తల పంకించాడు.

“ఎయిర్‌స్ట్రిప్ దాకా పోయి వద్దాం. అక్కడ రివర్సు చూస్తాను, అంతే.”

ఆ రోడ్డు మీద ఒకే ఒక్క వాగు. ఏడాదిలో ఎప్పుడో వానకి తప్ప నీళ్ళుండవు. అడుగున అంతా తెల్లటి ఇసుక. గట్టు ఎక్కేసరికి కింద వాగు మధ్యలో పాత టొయోటా కనిపించింది. వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడి, ముక్కు పైకెత్తి ఉంది. డెంజిల్ బోర్లా పడుకుని చేతులతో ఇసుక తోడుతున్నాడు. ట్రక్కు చుట్టూ రంగురంగుల స్కర్టులు.

సెడ్రిక్ బ్రేకు వేశాడు. సిగ్నల్ వేసి పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేకు లాగి, పక్క కిటికీలోంచి పొదల వైపు తల తిప్పుకున్నాడు.

“ఎందుకాపావు?”

సెడ్రిక్ చూపు పొదల మీదే ఉంది.

“పక్కన దారి ఉందిగా. చుట్టు తిప్పుకుని పోనియ్యి.”

ఇంజను నడుస్తూనే ఉంది. నిన్న గ్రాహమ్ పెన్ను తీసినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది సెడ్రిక్‌కి. రేకుల కంచె అవతలి గొంతు గుర్తొచ్చింది. ఊరంతా వినేటట్టు కుక్కకి చెప్పుకుంది ఆవిడ, తన కోసం. తను ఈ ఒక్క మనిషికి చెప్పలేకపోతున్నాడు.

“అక్కడ మా అత్త ఉంది,” అన్నాడు స్టీరింగుతో చెప్తున్నట్టు. “మిగతావాళ్ళూ అదే వరస. ఆవిడని నేను చూడకూడదు. ఆవిడ దగ్గరికి పోకూడదు. నిన్న షాపు దగ్గరా ఆవిడే ఉంది. అద్దంలోనూ ఆవిడే. మాలో అది మర్యాద. మీ మాట వినక కాదు.”

గ్రాహమ్ వాగు వైపు చూశాడు. ఆడవాళ్ళు కూడా ఈ బండిని చూసినట్టున్నారు. ఒక్కొక్కరే వీపులు తిప్పుకుని, దుప్పట్లు తలల మీదుగా లాక్కుంటున్నారు.

“నిన్న ఆ అమ్మ ఇదేనా నాకు చెప్పింది?”

“అవును.”

“నేను నవ్వాను.”

సెడ్రిక్ స్టీరింగు మీది దుమ్ము వేలితో తుడిచాడు.

“సరే,” అన్నాడు గ్రాహమ్. “నీ తప్పు లేదు. ఇక్కడితో ఆపేసి వెనక్కి పోదాం. మళ్ళీ వచ్చినప్పుడు పరీక్ష పెడతాను.”

“మీరు మళ్ళీ వచ్చేసరికి వేసవి వస్తుంది. అయినా అందుకు కాదు. ఇసకలో దిగబడ్డ బండిని వదిలేసి పోకూడదు.”

“అది కూడా అత్తగారి మర్యాదేనా?”

“కాదు. అది ఎవరికైనా.”

గ్రాహమ్ సీటుబెల్టు తీశాడు. “ఏం చెయ్యాలో చెప్పు.”

“మీరు పోయి అడగాలి. టైర్లలో గాలి తీశారా అని.”

మెరుస్తున్న నల్ల బూట్లతో గ్రాహమ్ ఇసుకలోకి దిగాడు. సెడ్రిక్ పొదల్నే చూస్తూ కూర్చున్నాడు. అటునుంచి మాటలు వినిపించాయి కానీ గాలికి ముక్కలైపోయాయి. గ్రాహమ్ ఆయాసపడుతూ తిరిగొచ్చాడు.

“ఎర్ర స్కర్టు ఆవిడ నాతో మాట్లాడటం లేదు. కుక్కతో మాట్లాడుతోంది. అదీ ఇంగ్లీషులో.”

“అది మీ కోసమే. కుక్కకి మా భాషే వచ్చు. ఏమంది?”

“‘సార్జెంట్, నా కొడుకు లైసెన్సున్న దొర కదా, గాలెందుకు తీస్తాడు’ అంది.”

సెడ్రిక్‌కి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. “గాలి తియ్యమనండి, నాలుగు టైర్లకీ. వెనక చక్రాల కింద కొమ్మలు, దుప్పట్లు ఏవైనా వెయ్యమనండి. మా బండిలో లాగే పట్టీ ఉంది. నేను పక్కదారిన వాగు దాటి, అటునుంచి రివర్సులో వచ్చి ముందునుంచి లాగుతాను. కానీ...” అని ఆగిపోయాడు.

“కానీ?”

“రివర్సులో పోవాలంటే అద్దంలో చూడాలి కదా.”

గ్రాహమ్ అద్దం వైపు చూశాడు. మళ్ళీ ఇసుకలోకి నడిచాడు. ఈసారి బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. అవతల ఆవిడ గొంతు పైకి లేచింది, మిగతావాళ్ళ నవ్వులు లేచాయి. డబ్బాలు గలగలమన్నాయి. మోకాలి నొప్పావిడ మూలుగు దూరంగా, ఇంకా దూరంగా వినిపించి ఆగిపోయింది.

గ్రాహమ్ తిరిగొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. చెప్పాల్సింది మరిచిపోకూడదన్నట్టు నెమ్మదిగా చెప్పాడు.

“అందరూ గట్టు వెనక్కి పోయారు. ఆవిడ కుక్కతో ఏమందంటే, ‘సార్జెంట్, అద్దం నిండా ఇసకే ఉంటుందని చెప్పు. ఇసక తప్ప ఇంకేం ఉండదు. ధైర్యంగా చూసుకోమను’ అంది.”

సెడ్రిక్ పక్కదారిన వాగు దాటి, ట్రక్కుకి ముందు, బండి వీపు వాగు వైపు ఉండేలా ఆపాడు. చెయ్యి ఎత్తి అద్దం సరిచేసుకున్నాడు.

ఇసుకే ఉంది. తెల్లటి ఇసుక, దాని మీద కొత్త అడుగుజాడలు, కొమ్మలు పరిచిన ట్రక్కు, చేతులూపుతున్న డెంజిల్, పక్కన చొక్కా చేతులు మడిచి వేళ్ళతో సైగ చేస్తున్న పరీక్షాధికారి. గట్టు మీద సార్జెంట్ ఒక్కటే చిరిగిన చెవి నిలబెట్టి కూర్చుని ఉంది, కాపలా ఉన్నట్టు.

అతను బండిని నెమ్మదిగా, దారం లాగినంత తిన్నగా వెనక్కి తెచ్చి, ట్రక్కు ముక్కుకి మూరెడు దూరంలో ఆపాడు.

“బావా, నా బండి నువ్వు లాగావని ఎవరికీ చెప్పకు,” అన్నాడు డెంజిల్ పట్టీ తగిలిస్తూ.

“నేను చెప్పను. గట్టు వెనక ఉన్నవాళ్ళ సంగతి నువ్వు చూసుకో.”

మొదటిసారి పట్టీ బిగిసింది కానీ ట్రక్కు కదల్లేదు. సెడ్రిక్ తొందరపడలేదు. దిగి, చక్రాల ముందున్న ఇసుక ఇంకొంచెం తోయించి, మళ్ళీ ఎక్కాడు. గ్రాహమ్, డెంజిల్ వెనక నుంచి తోశారు. రెండోసారి కొమ్మలు పటపటా విరిగాయి, ట్రక్కు ఊగింది, మూలిగింది, ఒక్కసారిగా గట్టి నేల మీదికొచ్చి పడింది. గట్టు వెనక నుంచి ఆడవాళ్ళ కేకలు లేచాయి. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మనవాళ్ళు గెలిచినప్పుడు కూడా అంత గోల ఉండదు. సెడ్రిక్ తలెత్తలేదు. అద్దంలోకి చూశాడు. ఇసుకే.

తిరిగి వచ్చేటప్పుడు గ్రాహమ్ చాలాసేపు పాదాలకంటిన ఇసుక దులుపుకుంటూ కూర్చున్నాడు. షాపు దగ్గరపడుతుండగా అన్నాడు.

“ఎడమ పక్క మూల మీద ఎవరైనా ఉన్నారా?”

“లేరు. అందరూ చీమలు తవ్వుకుంటున్నారు.”

“అయితే ఎడమకి.”

సెడ్రిక్ సిగ్నల్ వేశాడు.

వరండాలో నోర్లీన్ మళ్ళీ కాఫీ కప్పుతోనే ఉంది. బండి ఆగింది. ముందు గ్రాహమ్ దిగాడు, వట్టి పాదాలతో, మోకాళ్ళ దాకా ఇసుకతో. ఆవిడ ఆయన్నీ, ఆయన చేతిలోని బూట్లనీ చూసి, “వాగా?” అంది.

“వాగే.”

“ఎవరు, డెంజిలా?”

“అతనికి నిన్న లైసెన్సు ఇచ్చింది నేనే,” అన్నాడు గ్రాహమ్. “ఆ సంగతి మీరెవరికీ చెప్పకండి. ఇతనికి ఇవాళ ఇస్తున్నాను. ఇది మాత్రం అందరికీ చెప్పుకోవచ్చు.”

నోర్లీన్ కప్పు కింద పెట్టి, అక్క కొడుకుని మెడ మీద చెయ్యేసి ఒక్క ఊపు ఊపింది. అతను తూలి నవ్వాడు. గ్రాహమ్ మెట్టు మీద కూర్చుని బూట్లు వేసుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు.

“మళ్ళీ వచ్చే ముందు ఫోన్ చేస్తానమ్మా. ఎవరికి ఎవరు ఏమవుతారో మీరు చెప్పాలి. దాన్నిబట్టే దారి గీసుకుంటాను.”

“ఒక పూట పడుతుంది చెప్పడానికి,” అంది నోర్లీన్. “కాఫీ తాగుతూ చెప్తాను.”

సోమవారం మధ్యాహ్నం బండి వెనక మూతలున్న పళ్ళేలు వేడిగా పేర్చి ఉన్నాయి. కంగారూ తోక కూర, బంగాళాదుంపలు, రొట్టె. పళ్ళు లేనివాళ్ళకి నోర్లీన్ మాంసం విడిగా చిదిమి పెట్టింది. సెడ్రిక్ ఒక్కో ఇంటి ముందూ ఆపి, పలకరించి, పళ్ళెం చేతికిచ్చి, నిన్నటి పళ్ళెం పట్టుకొస్తున్నాడు. కళ్ళు కనిపించని ఒక తాత అతని చెయ్యి పట్టుకుని, “ఎవరు నువ్వు? కుడివైపు బావవేనా?” అన్నాడు. ఆ పేరు ఇక పోయేలా లేదు.

చివరికి ఎర్రమట్టి సందులో, రేకుల కంచెకి ఇంకా రెండిళ్ళు ఇవతలే, బండి ఆపాడు. రెండుసార్లు హారను కొట్టాడు. కంచె పక్కన తలుపు మూసుకున్న చప్పుడైంది. అప్పుడు దిగి, అన్నిట్లోకీ పెద్ద ముక్క ఉన్న పళ్ళెం తీసుకుని, దారి పక్క బోర్లించి ఉన్న ఇనప డ్రమ్ము దగ్గరికి నడిచాడు.

డ్రమ్ము మీద అప్పటికే ఒక పాలడబ్బా ఉంది. పైన తడిగుడ్డ కప్పి ఉంది. గుడ్డ కొంచెం ఎత్తి చూశాడు. లోపల తేనె చీమలు, తేనెతో ద్రాక్షపళ్ళలా ఉబ్బిన పొట్టలతో, మెల్లగా కదులుతున్నాయి. డబ్బా సగానికి పైగా ఉంది. అన్ని చీమల్ని తవ్వి తియ్యాలంటే పొద్దంతా పడుతుంది.

పళ్ళెం పెట్టాడు. డబ్బా తీసుకున్నాడు. బండి ఎక్కి, ఒక చీమని తల దగ్గర పట్టుకుని, పొట్ట కొరికాడు. తియ్యగా, కాస్త పుల్లగా గొంతులోకి జారింది.

వెనక తలుపు తెరుచుకుంది. పళ్ళెం మూత తీసిన చప్పుడు. తర్వాత ఆ గొంతు, ఊరంతా వినపడే గొంతు, లేచింది.

“సార్జెంట్! ఉప్పు తక్కువైందని చెప్పు. ముక్క మాత్రం బాగుంది.” మళ్ళీ కొంచెం ఆగి, “రేపు కూడా నువ్వే రావాలని చెప్పు. ఆలిస్ నుంచి ఎవడో వస్తే నేను తలుపు తియ్యను.”

కుక్క మూతి నాకుకుంటూ బండి దాకా వచ్చి, తోక ఊపుతూ నిలబడింది. సెడ్రిక్ కిటికీలోంచి చెయ్యి చాచి దాని చిరిగిన చెవి నిమిరాడు.

“వస్తానని చెప్పు,” అన్నాడు, కాస్త గట్టిగానే.